పాత పైపు ఆర్గన్ పరిస్థితి తెలుసుకోవాలంటే పైపుల కంటే ముందు గాలిని పరీక్షించాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ చర్చిలో వందేళ్లు దాటిన పైపు ఆర్గన్ ఉంది. దానికి చేతులతో వాయించే మెట్ల వరుసలు రెండు, కాళ్లతో తొక్కే పెడల్ వరుస ఒకటి, సుమారు 20 స్టాపులు (పిడి లాగితే పలికే, ఒక్కో రకం నాదమిచ్చే పైపుల వరుసలు) ఉన్నాయి. కొన్ని మెట్ల మీద నుంచి వేలు తీసినా స్వరం ఆగడం లేదు. స్టాపులన్నీ లాగి నిండుగా వాయిస్తే శ్రుతి కుంగుతోంది. వేసవిలో రీడు స్టాపులు, అంటే లోపల ఇత్తడి నాలుక కంపించి పలికే పైపుల వరుసలు, మిగిలిన స్టాపులతో కలవడం లేదు. వచ్చి చూసిన ఒక ఆర్గన్ నిర్మాణ సంస్థ, మెట్లను పైపుల కవాటాలకు కలిపే యంత్రాంగమంతా తీసేసి విద్యుత్ యంత్రాంగం అమర్చాలని, గాలి ఒత్తిడి పెంచాలని, పాత పైపుల్లో కొన్నింటిని మార్చాలని రాసి ఇచ్చింది. ఇదంతా అవసరమా, ఆర్గన్ స్థితిని మీ అంతట మీరు ఎంతవరకు తెలుసుకోగలరు అని అడిగారు.

మీరు చెప్పిన మూడు లక్షణాలూ మూడు వేర్వేరు జాతులకు చెందినవి. మొదటిది అరుగుదల వల్ల గాని, తేమ వల్ల గాని వచ్చే మామూలు జబ్బు. రెండోది అరుగుదల కావచ్చు, లేదా ఆర్గన్ కట్టిన రోజు నుంచే ఉన్న నిర్మాణ లోపం కావచ్చు. కొలిస్తే తప్ప తేలదు. మూడోది అసలు జబ్బే కాదు, వేడెక్కిన గాలి తన ధర్మం ప్రకారం ప్రవర్తించడం మాత్రమే. ఈ మూడింటికీ కలిపి ఒకే చికిత్స రాసిన నివేదికను నేనైతే నమ్మను. నిర్మాణ స్వభావాన్ని జబ్బనుకుని ‘బాగు చేయబోయి’ పాడుచేసిన ఆర్గన్లను, నిర్మాణ లోపాన్ని అరుగుదల అనుకుని పదేళ్లకోసారి అదే తోలు మళ్లీ మళ్లీ మార్చిన ఆర్గన్లను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.

ఆర్గన్‌ను చూసేవారి కళ్లు సహజంగా పైపుల మీదికే పోతాయి. పరీక్ష మాత్రం గాలి ఎక్కడ పుడుతుందో అక్కడి నుంచే మొదలుపెట్టాలి. బ్లోయర్ అనే విద్యుత్ పంకా గాలిని పెద్ద గొట్టం ద్వారా ఒక తిత్తిలోకి పంపుతుంది. ఆ తిత్తి పై పలక మీద పెట్టిన ఇనుప బరువులో, స్ప్రింగులో గాలి ఒత్తిడి ఎంత ఉండాలో నిర్ణయిస్తాయి. తిత్తి నిండగానే లోపలికి వచ్చే గాలి మార్గాన్ని ఒక మూత తనంతట తానే మూసేస్తుంది. అక్కడి నుంచి గాలిగొట్టాల ద్వారా పైపుల కింద ఉన్న గాలిపెట్టెలకు చేరుతుంది. హార్మోనియం వాయించినవారికి తిత్తిని కాస్త గట్టిగా నొక్కితే స్వరం బలపడుతుందని తెలుసు. ఆర్గన్ నిర్మాత శ్రమంతా అలా జరగకుండా చూడటానికే, ఒక్క పైపు పలికినా రెండు వందల పైపులు ఒకేసారి పలికినా ఒత్తిడి మారకుండా నిలబెట్టడానికే ఖర్చవుతుంది.

ఈ ఒత్తిడి చాలా స్వల్పం. దాన్ని నీటి మట్టంలో తేడాగా కొలుస్తారు, చర్చి ఆర్గన్లలో సాధారణంగా అది 70 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. నోటితో స్ట్రాలో ఊదినా ఇంతకంటే ఎక్కువ ఒత్తిడే పుడుతుంది. ఇంత తక్కువ ఒత్తిడి మీద నడిచే వ్యవస్థ కనుకనే ఐదు మిల్లీమీటర్ల తేడా కూడా చెవికి తెలుస్తుంది, గోరు పట్టే చిరుగు కూడా లెక్కలోకి వస్తుంది. కొలిచే పరికరం మీరే తయారు చేసుకోవచ్చు: పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని ఒక పలకకు ‘యు’ ఆకారంలో బిగించి, సగం వరకు రంగునీళ్లు పోసి, ఒక కొసను గాలిపెట్టె మీద ఒక చిన్న పైపు తీసిన రంధ్రంలో గాలి కారకుండా ఇమిడ్చి, ఆ పైపుకు చెందిన స్టాపు లాగి, మెట్టు నొక్కి ఉంచితే, రెండు వైపుల నీటి మట్టాల మధ్య తేడాయే ఒత్తిడి.

ఇప్పుడు మీ రెండో లక్షణానికి, అంటే శ్రుతి కుంగడానికి వద్దాం. ఖర్చంతా దీని చుట్టూ తిరుగుతుంది కనుక దీనికే ఎక్కువ సమయం ఇస్తాను. మొదట బ్లోయర్ నడుస్తుండగా తిత్తి పూర్తిగా నిండనివ్వండి. ఏ మెట్టూ నొక్కకుండా బ్లోయర్ ఆపి, తిత్తి పై పలక ఎంత సేపట్లో కిందికి దిగుతుందో గడియారం పెట్టి చూడండి. నెమ్మదిగా, హుందాగా దిగితే తిత్తి, గొట్టాలు బాగున్నట్టే. నాలుగైదు శ్వాసల కాలంలో కూలబడితే ఎక్కడో గాలి కారుతున్నట్టు. గాలి వెనక్కి బ్లోయర్‌లోకి పోకుండా ఆపే మూత లేని ఆర్గన్లలో మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, అది ముందే చూసుకోవాలి. కారుడు ఉంటే చీకట్లో టార్చి కంటే తడి చేతి వెనుక భాగమే బాగా పట్టిస్తుంది: తిత్తి మూలల్లో, మడతల దగ్గర, గొట్టాలు కలిసే అతుకుల దగ్గర చేయి ఆడిస్తే చల్లగా తగులుతుంది. తిత్తి మడతలకు వేసిన గొర్రెతోలు మంచి పద్ధతిలో ఊనినదైతే యాభై, అరవై ఏళ్లు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ కూడా నిలుస్తుంది; ఎర్రబారి, గోరుతో గీకితే పొడిగా రాలుతుంటే దాని ఆయువు తీరినట్టే, అతుకులు వేసి లాభం లేదు.

తిత్తి బాగుంటే తరువాతి పరీక్ష. గాలిపెట్టె దగ్గర ఒత్తిడిని ముందు ఒక్క స్వరం పలుకుతుండగా, ఆ తరువాత స్టాపులన్నీ లాగి రెండు చేతులతో నిండు స్వరసమూహం పట్టి ఉండగా కొలవండి. తిత్తి దగ్గర కూడా అలాగే కొలవండి. రెండు చోట్లా ఒత్తిడి పడిపోతే బ్లోయర్ చాలడం లేదు, లేదా తిత్తికి గాలి వదిలే మూత సరిగా తెరుచుకోవడం లేదు. తిత్తి దగ్గర నిలకడగా ఉండి గాలిపెట్టె దగ్గర పడిపోతే మధ్యనున్న గాలిగొట్టం ఇరుకైంది. ఇది అరుగుదల కాదు, డిజైన్. రెండు చోట్లా ఒత్తిడి నిలిచి ఉన్నా శ్రుతి కుంగుతుంటే గాలిపెట్టె లోపలి గాడులు (పైపులకు గాలి చేర్చే దారులు), కవాటాలు (ఆ దారులను తెరిచి మూసే మూతలు) ఆ స్టాపులన్నింటికీ సరిపడేంత పెద్దవిగా లేవని అర్థం, ఇదీ డిజైనే. చివరి రెండు సందర్భాల్లో తిత్తికి కొత్త తోలు వేయించినా, బ్లోయర్ మార్చినా పైసా ఉపయోగం ఉండదు.

అయితే డిజైన్ లోపం అని తేలినప్పుడు ఇంకో ప్రశ్న అడగాలి: ఇది అసలు నిర్మాత చేసిన పొరపాటా, లేక తరువాత ఎవరో తెచ్చిపెట్టినదా? ఇలాంటి వయసున్న ఆర్గన్లలో ఒకరిద్దరు మధ్యలో చేయి చేసుకుని ఉంటారు. పదహారు స్టాపులకు లెక్క కట్టిన గాలిపెట్టె చివర ఒక చెక్క పలక అదనంగా బిగించి మరో నాలుగు స్టాపులు చేర్చడం ఒకప్పుడు బాగా చలామణీలో ఉన్న పని. కలప రంగు, మరల రకం, స్టాపు పిడుల మీది అక్షరాల తీరు తేడాగా కనిపిస్తే అలాంటి చేర్పునే అనుమానించండి. ఆ చేర్పులను మూసి ఉంచి వాయించినప్పుడు కుంగుదల మాయమైతే సమాధానం దొరికినట్టే. మరోవైపు, చాలా పాత పద్ధతి ఆర్గన్లలో గాలి కొద్దిగా ఊగడం నిర్మాతకు తెలిసి వదిలిన విషయం. గాయకుడు ఊపిరి తీసుకున్నట్టు వినిపించే ఆ కదలికను పూర్తిగా చంపేస్తే వాద్యం బిగుసుకుపోయినట్టు ఉంటుంది.

ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి. ఒక చర్చిలో ఆర్గన్ ఎనిమిది నెలలుగా నీరసించిపోయిందని, తిత్తులన్నిటికీ కొత్త తోలు వేయడానికి అంచనాలు కూడా తెప్పించుకున్నామని చెప్పి నన్ను పిలిచారు. కొలిస్తే ఒత్తిడి దాదాపు సగమే ఉంది, తిత్తుల్లో మాత్రం చిరుగు లేదు. ఎనిమిది నెలల కిందట భవనంలో కరెంటు తీగలు మార్చారని మాటల మధ్య తెలిసింది. మూడు ఫేజుల మోటారుకు రెండు తీగలు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది. ఈ రకం పంకా వెనక్కి తిరిగినా గాలి అదే దిక్కుకు, కాకపోతే బలహీనంగా వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. తీగలు మార్చి బిగించడానికి పావుగంట పట్టింది. మీ బ్లోయర్ పెట్టె మీద బాణం గుర్తు ఉంటే, పంకా ఆ దిక్కుకే తిరుగుతోందో లేదో ముందు చూడండి.

మొదటి లక్షణం, వేలు తీసినా ఆగని స్వరం. దీన్ని వృత్తిలో సైఫర్ అంటారు. వినడానికి ఇదే అన్నిటికంటే భయపెడుతుంది, బాగు చేయడానికి తరచుగా ఇదే అన్నిటికంటే తేలిక. మీది స్లైడర్ రకం గాలిపెట్టె అయి ఉంటుందని అనుకుంటున్నాను. అందులో ప్రతి మెట్టుకూ ఒక గాడి, ఆ గాడికి ఒక కవాటం ఉంటాయి. ఆ మెట్టుకు పలికే అన్ని స్టాపుల పైపులూ ఆ ఒక్క గాడి మీదే నిలబడి ఉంటాయి. స్టాపు పిడి లాగినప్పుడు రంధ్రాలున్న పొడవాటి చెక్కపట్టీ జరిగి ఆ వరుస పైపులకు దారి తెరుస్తుంది. కాబట్టి స్వరం నిలిచిపోయినప్పుడు స్టాపులను ఒక్కొక్కటిగా మూసి, ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. ఏ స్టాపు లాగినా అదే స్వరం మోగుతుంటే ఆ మెట్టు కవాటం పూర్తిగా మూసుకోవడం లేదు. ఒకే స్టాపులో మోగుతూ మిగిలిన వాటిలో మోగకపోతే, ఆ పైపు ప్రధాన గాలిపెట్టె మీద కాక వేరే చిన్న పెట్టె మీద ఉండి, అక్కడి కవాటం చెడిందని అర్థం. పెద్ద పైపులకు ఇలాంటి ఏర్పాటు మామూలే.

కవాటం మూసుకోకపోవడానికి కారణం రెండు చోట్ల ఉండవచ్చు. మెట్టు నుంచి కవాటం వరకు లాగే సన్నని చెక్క పుల్లను ట్రాకర్ అంటారు. దాని చివర మర మీద తోలు బిళ్ల ఒకటి ఉంటుంది. ఆ బిళ్లను ఒక చుట్టు వదులు చేయగానే స్వరం ఆగిపోతే తప్పు కవాటానిది కాదు; తేమకు కలప కొలతలు మారి యంత్రాంగం బిగిసింది, అంతే. వదులు చేసినా ఆగకపోతే కవాటం తోలు మీద దుమ్ము నలక ఇరుక్కుందో, స్ప్రింగు నీరసించిందో, తోలు గట్టిపడిందో చూడాలి. మెట్టును నాలుగైదు సార్లు చురుగ్గా కొట్టి వదిలితే నలక ఎగిరిపోయి సమస్య తీరడం నాకు లెక్కలేనన్ని సార్లు ఎదురైంది.

సైఫర్‌తో పొరపాటుపడే మరో జబ్బు ఉంది, అది మాత్రం నిజంగా ఖరీదైనది. ఒక మెట్టు నొక్కితే పక్క స్వరం సన్నగా గొణిగినట్టు వినిపించడం. గాడుల మీద పరచిన పలక ఎండి పగిలి, ఒక గాడిలోని గాలి పక్క గాడిలోకి కారడం వల్ల ఇలా అవుతుంది. దీన్ని పట్టుకోవాలంటే చర్చి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఒకే ఒక మెత్తని స్టాపు లాగి, కింది కొస నుంచి పై కొస వరకు ప్రతి మెట్టునూ విడివిడిగా నొక్కి వినాలి. తరువాత స్టాపులన్నీ మూసేసి ముంజేతితో డజను మెట్లు ఒకేసారి నొక్కాలి. అప్పుడు ఏదైనా మూలుగు వినిపిస్తే స్లైడర్ పట్టీలు గాలిని పూర్తిగా ఆపడం లేదు. చలికాలంలో భవనాన్ని ఒక్కసారిగా వేడి చేసే చోట్ల ఈ పగుళ్లు ఎక్కువ, ఎందుకంటే వేడితో గాలిలో తేమ హఠాత్తుగా పడిపోతుంది. గాలిలో తేమ 45 నుంచి 65 శాతం మధ్య, ముఖ్యంగా పెద్ద హెచ్చుతగ్గులు లేకుండా ఉంటే కలప కలకాలం ఉంటుంది. పగిలిన పలకను సరిచేయాలంటే పైపులన్నీ తీసి, గాలిపెట్టెను విప్పాలి. మీ ఆర్గన్‌లో ఈ జబ్బు ఉందా లేదా అన్నదే మీ మొత్తం ఖర్చును నిర్ణయిస్తుంది. ఆశ్చర్యమేమిటంటే మీరు పంపిన ఆ నివేదిక సారాంశంలో దీని ప్రస్తావనే లేదు.

మూడో లక్షణం గురించి త్వరగా చెప్పేస్తాను. నాలుక లేకుండా, వేణువులా పెదవుల్లాంటి అంచుల మధ్య చీలికలోంచి వచ్చే గాలితో పలికేదాన్ని ఫ్లూ పైపు అంటారు. ఫ్లూ పైపు శ్రుతి దాని లోపలి గాలిస్తంభం పొడవు మీద, ఆ గాలిలో ధ్వని వేగం మీద ఆధారపడుతుంది. వేడి పెరిగితే ధ్వని వేగం పెరుగుతుంది, కనుక శ్రుతి హెచ్చుతుంది. ఒక డిగ్రీ సెల్సియస్‌కు ఈ హెచ్చు అరస్వరంలో వందింట మూడు వంతులు. పది డిగ్రీలు పెరిగితే అరస్వరంలో దాదాపు మూడో వంతు. 20 డిగ్రీల వద్ద 440 హెర్ట్జ్‌కు శ్రుతి చేసిన స్వరం 30 డిగ్రీల వద్ద 447 దాటుతుంది. రీడు పైపులో శ్రుతిని ప్రధానంగా నిర్ణయించేది ఇత్తడి నాలుక, అది ఆ మాత్రం వేడికి పెద్దగా మారదు. అందువల్ల వేసవిలో రీడులు దిగిపోయినట్టు వినిపిస్తాయి కాని, నిజానికి అవి ఉన్నచోటే ఉంటాయి, మిగిలిన ఆర్గనంతా పైకి జరుగుతుంది. సంఖ్యలో రీడులు తక్కువ కనుక అవసరమైన రోజున రీడులనే ఫ్లూ పైపులకు కలిపి శ్రుతి చేస్తారు. దీనికి విరుద్ధంగా ఎవరైనా ఫ్లూ పైపులను రీడులకు కలపబోతే వెంటనే ఆపండి: చిన్న లోహపు పైపులను శంకువు ఆకారపు పనిముట్టుతో కొస మీద తట్టి శ్రుతి చేస్తారు, ప్రతి దెబ్బకూ ఆ మెత్తని కొస కొంత నలుగుతుంది, కొన్ని దశాబ్దాలకు చిరుగుతుంది.

ఇప్పుడు పైపులు. వీటి విషయంలో డిజైన్‌ను చదవడం తెలియనిదే స్థితిని చదవలేము. 8 అడుగుల స్టాపులో అతి మంద్రమైన తెరచిన పైపు సుమారు 8 అడుగుల పొడవుండి 65 హెర్ట్జ్ స్వరం పలుకుతుంది. పై కొస మూసిన పైపైతే సగం పొడవుతోనే అదే స్వరం ఇస్తుంది, కాకపోతే నాదం గుల్లగా, మెత్తగా ఉంటుంది. పొడవు శ్రుతిని ఇస్తే, వ్యాసం నాదగుణాన్ని ఇస్తుంది. పొడవు ప్రతి స్థాయికీ, అంటే ప్రతి 12 అరస్వరాలకూ సగమవుతుంది. వ్యాసాన్ని కూడా అదే వేగంతో తగ్గిస్తే తారస్థాయి పైపులు మరీ సన్నబడి కీచుమంటాయి. 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన యోహాన్ గోట్‌లోబ్ టోఫర్ దీనికి ఒక లెక్క కట్టాడు: వ్యాసం 16 అరస్వరాలకు సగం కావాలి. ఆ లెక్క నుంచే వచ్చిన ప్రామాణిక కొలతలో 8 అడుగుల మొదటి పైపు లోపలి వ్యాసం 155.5 మిల్లీమీటర్లు. నిర్మాతలు దీన్ని గుడ్డిగా పాటించరు, ఒక్కో స్టాపును దీనికంటే ఎంత లావుగా, ఎంత సన్నగా ఉంచాలో తమ చెవిని బట్టి నిర్ణయించుకుంటారు. మీకు ఇది పనికొచ్చేది ఎక్కడంటే, కాగితపు పట్టీతో ఒక వరుసలోని పైపుల చుట్టుకొలతలు తీసి రాసుకుంటే అవి నునుపుగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఒక్కసారిగా గంతు కనిపిస్తే అక్కడ వేరే ఆర్గన్ పైపులు చేర్చారని గాని, వరుసను పక్కకు జరిపారని గాని అనుమానించవచ్చు. పైపుల పాదాల మీద, అంటే గాలిపెట్టె మీద నిలబడే కింది భాగం మీద, గీసిన అక్షరాలూ చూడండి. జర్మన్ సంప్రదాయంలో ‘హెచ్’ అంటే మనం ‘బి’ అనే స్వరం, వాళ్ల ‘బి’ అంటే బి-ఫ్లాట్. ఈ సంగతి తెలియక పైపులు తారుమారుగా నిలబెట్టిన ఉదంతాలు ఉన్నాయి.

పైపు లోహం సాధారణంగా తగరం, సీసం మిశ్రమం. తగరం ఎక్కువైతే పైపు బిరుసుగా, నాదం వెలుగుగా ఉంటుంది. సగం సగం దగ్గర పోత పోసినప్పుడు పైన చుక్కచుక్కలుగా తేలుతుంది. పెద్ద పైపులకు జింకు, మెత్తని స్వరాలకు కలప వాడతారు. సీసం ఎక్కువున్న పొడవాటి పైపులు తమ బరువుకే పాదాల దగ్గర కుంగుతాయి, అప్పుడు పెదవి వంగి పలుకు చెడుతుంది. పాదాన్ని సరిచేసి, వెనుక కొక్కేనికి మాటు గట్టిగా వేస్తే ఆ పైపు మరో వందేళ్లు నిలుస్తుంది. ‘పైపు వంగింది కనుక మార్చాలి’ అనడం పంక్చరైన సైకిలును పారేయమనడమే. పలకని పైపుల్లో చాలావాటికి ఉన్న జబ్బు పెదవుల మధ్య సన్నని చీలికలో చేరిన దుమ్ము. శుభ్రం చేశాక నాదం బలపడుతుంది, శ్రుతి కూడా కదులుతుంది. అందుకే మురికి మీద శ్రుతి చేయించడం డబ్బు దండగ.

ఒక్క జబ్బు విషయంలో మాత్రం తొందరపడాలి. పాదాల లోపల, అడుగున తెల్లని పొడి కనిపిస్తే అది సీసం తినేస్తున్న తుప్పు. ఓక్ వంటి కలప నుంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి మూసి ఉన్న గాలిపెట్టెలో చేరి సీసాన్ని లోపలి నుంచి కొరుకుతుంది. జర్మనీలోని ల్యూబెక్‌లో సెయింట్ జాకోబీ చర్చిలో 1637లో ఫ్రీడ్రిష్ స్టెల్‌వాగన్ విస్తరించిన ఆర్గన్ పైపులు ఇలాగే చిల్లులు పడటంతో, ఈ శతాబ్దం మొదట్లో యూరప్ పరిశోధకులు దీని కారణాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. ఇటీవల కొత్త ఓక్ కలపతో గాలిపెట్టెలు బాగు చేసిన ఆర్గన్లలో దీని కోసం తప్పక వెతకాలి. ఆ పొడి విషం కనుక చేతి తొడుగులు, ముఖానికి మాస్కు లేకుండా తాకవద్దు. 2019 ఏప్రిల్‌లో పారిస్ నోత్ర్‌దామ్ కేథడ్రల్ కాలినప్పుడు దాదాపు 8,000 పైపులున్న పెద్ద ఆర్గన్ మంటల్లో పోలేదు, పైకప్పు నుంచి కరిగిన సీసం ధూళి మాత్రం దాని నిండా చేరింది. దాన్ని విప్పి, శుభ్రం చేసి, తిరిగి అమర్చి, పైపు పైపుకూ పలుకు తీర్చి 2024 డిసెంబరులో మళ్లీ మోగించారు. కొత్త పైపులు చేయించడం కంటే పాతవి శుభ్రం చేయడమే దారి అని అంత పెద్ద పనిలో కూడా తేల్చుకున్నారు.

ఇక ఆ సంస్థ సూచనలు. గాలి ఒత్తిడి పెంచడమనే మాటను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ప్రతి పైపూ ఒకానొక ఒత్తిడికి పలుకు తీర్చినది: పాదం రంధ్రం, చీలిక వెడల్పు, పై పెదవి ఎత్తు అన్నీ ఆ ఒత్తిడికే కుదిర్చి కోసినవి. ఒత్తిడి పెంచితే శ్రుతి హెచ్చుతుంది, పైపు తన స్వరం విడిచి పై స్థాయికి ఎగురుతుంది. దాన్ని ఆపడానికి పై పెదవిని ఇంకా ఎత్తుగా కోస్తారు. కోసిన లోహం తిరిగి రాదు. తోలు మార్చవచ్చు, తీగలు మార్చవచ్చు, పగిలిన పలక అతకవచ్చు, కోసిన పెదవితో పోయిన గొంతును మాత్రం ఎవరూ తేలేరు. 20వ శతాబ్దం మధ్యలో పాత ఆర్గన్లను అప్పటి అభిరుచికి తగ్గట్టు మార్చే ఊపులో ఇలా ఎన్నో పాడయ్యాయి, ఆ తరువాతి తరం వాళ్లే వాటిని వెనక్కి తేవడానికి తంటాలు పడ్డారు. హాంబుర్గ్ సెయింట్ జాకోబీలో ఆర్ప్ ష్నిట్గర్ 1693లో పూర్తి చేసిన ఆర్గన్ కథ ఇందుకు భిన్నం. మొదటి ప్రపంచయుద్ధంలో దాని ముఖభాగపు తగరపు పైపులను ప్రభుత్వం తీసుకుపోయింది, 1944లో దాని చెక్క మందిరం (పైపుల చుట్టూ ఉండే బీరువాలాంటి కట్టడం) కాలిపోయింది. ముందే తరలించి దాచిన లోపలి పైపులు మిగిలినందున, ఆర్గన్ నిర్మాత యూర్గన్ ఆరెండ్ చేతిలో 1993 నాటికి అది పాత గొంతుతో తిరిగి నిలబడింది. ఆర్గన్ అసలు ఆస్తి ఎక్కడుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

విద్యుత్ యంత్రాంగం విషయంలో నాది అంత గట్టి పట్టు కాదు. మెట్లు ఆర్గన్‌కు దూరంగా ఉండాల్సి వచ్చినప్పుడు, లేదా గాలి గొట్టాలతో నడిచే పాత యంత్రాంగంలోని వందలాది చిన్న తోలు తిత్తులు ఒక్కసారిగా చెడి, వాటి మూలరూపం కూడా మిగలనప్పుడు అది సమంజసమే. మీది ట్రాకర్ యంత్రాంగమైతే మాత్రం మార్చడానికి కారణం కనిపించడం లేదు. చెక్క, తోలు, తీగ, ఇవి ఏ కాలంలోనైనా మళ్లీ చేసుకోగలిగినవి. అయస్కాంతాలు, కాంటాక్టులు, సర్క్యూట్ బోర్డులు కొన్ని దశాబ్దాలకు చెడతాయి, అప్పటికి ఆ విడిభాగాలు చేసేవారు ఉండకపోవచ్చు. మెట్లు మరీ బరువుగా ఉన్నాయన్నదే ఫిర్యాదైతే దానికీ పాత మార్గముంది: 1841లో పారిస్ దగ్గరి సెయింట్-డెనిస్‌లో కవాయే-కోల్ కట్టిన ఆర్గన్‌లో బార్కర్ లీవర్ అనే చిన్న గాలితిత్తి వేలికి సాయం పట్టింది, ట్రాకర్లు ట్రాకర్లుగానే ఉన్నాయి. చాలా సందర్భాల్లో అంత కూడా అవసరం పడదు. ఇరుసులు శుభ్రం చేసి, అరిగిన బనాతు బిళ్లలు మార్చి, కవాటాల స్ప్రింగులన్నీ ఒకే బలానికి తెస్తే మెట్లు తేలికవుతాయి.

ఆ సంస్థను మళ్లీ పిలిస్తే నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి: తిత్తి దగ్గర, ప్రతి గాలిపెట్టె దగ్గర కొలిచిన ఒత్తిడి ఎంత; కొలిచిన రోజున ఉష్ణోగ్రత ఎంత, శ్రుతి ఎంత; గాడుల మధ్య కారుడు ఉన్న మెట్లు ఏవి; మార్చాలంటున్న పైపులు ఏవి, ఒక్కొక్కదానికి కారణమేమిటి. ఈ నాలుగింటికీ అంకెలతో జవాబివ్వలేని వారు ఆర్గన్‌ను చూశారు కాని పరీక్షించలేదు. వేరే సంస్థ నుంచి రెండో అభిప్రాయం తీసుకునేటప్పుడు మొదటి నివేదికను వాళ్లకు ముందే చూపవద్దు.

పని మొదలుపెట్టే పక్షంలో వరుస ఇలా ఉండాలి. ముందు భవనం పైకప్పు కారుడు, తేమ. అవి బాగుపడకుండా లోపల ఏం చేసినా నిలవదు. తరువాత బ్లోయర్, తిత్తులు, గొట్టాలు. ఆ తరువాత గాలిపెట్టెలు, కవాటాలు, ట్రాకర్లు. పైపులను విప్పే ముందు ప్రతి వరుసనూ నిలబడిన చోటే ఫొటో తీయించండి. తీసేసిన పాత భాగం ఎంత పనికిరానిదిగా కనిపించినా చీటీ కట్టి భవనంలోనే భద్రపరచండి, సంస్థ వాళ్లు తీసుకుపోనివ్వకండి. శ్రుతి చేయడం అన్నిటికంటే చివర. అది కూడా పని ముగియగానే కాకుండా, కలప, తోలు సర్దుకోవడానికి రెండు మూడు వారాలు వదిలి, ఆరాధన సమయంలో చర్చి లోపల మామూలుగా ఎంత వేడి ఉంటుందో ఆ వేడిలోనే చేయించండి. ఆ రోజు ఉష్ణోగ్రతను, ఒత్తిడిని, శ్రుతిని ఒక కాగితం మీద రాసి ఆర్గన్ మందిరం తలుపు లోపలి వైపు అంటించి ఉంచితే, మరుసటి వేసవిలో రీడులు దిగిపోయాయని ఎవరైనా అన్నప్పుడు ముందు ఆ కాగితం చూసి, తరువాత పనివాడిని పిలవాలా వద్దా నిర్ణయించుకోవచ్చు.